మూడేళ్ళ గ్యారంటీ

మా ఆయనకు ఈ లోకంలో రెండింటి మీద నమ్మకం. ఒకటి గ్యారంటీ కార్డు, రెండోది పచ్చ లైటు. ఛార్జరు మీద పచ్చ లైటు వెలిగిందంటే అందులోని బ్యాటరీ సెల్లు నిండినట్టే, ఇక దాని గురించి చర్చ లేదు. "పచ్చగ వెలుగుతున్నది కద రమా, ఇంకేం గావాలె నీకు?" అంటారు. ఆ నిండిన సెల్లు వేసుకుని పొద్దున ఎనిమిదింటికి నేను మాట్లాడడం మొదలుపెడితే, మధ్యాహ్నం రెండింటికి నా గొంతు కిందికి జారుతుంది. మూడింటికి జలుబు చేసిన మేకలా ఉంటుంది. నాలుగింటికి అసలు ఉండదు.

నా గొంతు సెల్లు మీద నడుస్తుంది. ఈ సంగతి ముందే చెప్పేయడం మంచిది, లేకపోతే కూరగాయలమ్మే నందులాగ మీరూ ఉలిక్కిపడతారు. ఏడాదిన్నర కింద క్యాన్సరని ఆపరేషన్ చేసి నా స్వరపేటిక మొత్తం తీసేశారు. మెడ కింద రూపాయి బిళ్ళంత రంధ్రం మిగిలింది. ఊపిరి దానిలోంచే. దాని మీద పలచటి తెల్లగుడ్డ కట్టుకుంటాను. మాట కావాలంటే చిన్న టార్చిలైటంత మిషను ఒకటి గొంతుకు ఆనించి మీట నొక్కాలి. అది జుయ్యిమని మోగుతుంది, నేను నోరు కదిలిస్తాను, ఆ మోతే మాటవుతుంది. అందులో ఎత్తూ పల్లమూ ఉండదు. కోపమూ ప్రేమా ఒక్కలాగే వినిపిస్తాయి. ఫోన్లో మాట్లాడితే అవతలివాళ్ళు ఏదో కంపెనీ రికార్డింగనుకుని పెట్టేస్తారు. నందు మొదటిసారి విన్నరోజు చేతిలో తక్కెడ వదిలేశాడు. పావుకిలో బెండకాయలు మోరీలో పడ్డాయి.

నవ్వినా చప్పుడు రాదు నాకు. ఏడ్చినా రాదు. గాలి గొంతు దాకా పోకుండానే మెడలోంచి బయటికి వెళ్ళిపోతుంది. మొదట్లో దీనికి అలవాటు పడడం కష్టమైంది. తర్వాత అదీ ఒక సౌకర్యంలాగే తోచింది. ఆయన పక్కగదిలో పేపరు చదువుతుండగానే కడుపునిండా ఏడవొచ్చు, ఆయనకు తెలియదు.

ఇరవై ఆరేళ్ళు బస్‌స్టేషన్ ఎంక్వైరీ కౌంటర్లో మైకు ముందు కూర్చున్నాను నేను. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో తెలుగులో ఒకసారి, ఉర్దూలో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి. కర్నూలు బస్సు రెండు గంటలు ఆలస్యమని చెప్పినా జనం తిట్టుకోకుండా కూర్చునేవారట, అంత బాగుండేదట నా గొంతు. ఇది నేనంటున్నది కాదు. మైకులూ ఆంప్లిఫైర్లూ బాగుచేయడానికి వచ్చే ఇస్సాకు అనేవాడు. అతనికి శాలిబండలో చిన్న రిపేరు షాపుంది. అతని మాట తర్వాత వస్తుంది.

మా ఆయన విఠల్‌రావు కరెంటాఫీసులో గుమాస్తాగా చేశారు. సాయంత్రం అయిదున్నరకు ఇల్లు చేరేవారు. నేను టీ పెట్టి, వంటింటి గడపలో కూర్చుని, ఆ రోజు కౌంటరు దగ్గర జరిగిన లొల్లి అంతా చెప్పేదాన్ని. ఎవడు ఏ బస్సు తప్పిపోయి నన్ను తిట్టాడు, నేనేమన్నాను, వాడేమన్నాడు. ఆయన టీ తాగుతూ వినేవారు. ఏమీ అనేవారు కాదు. నా మాటలు అయిపోయాక గ్లాసు కడిగి బోర్లించేవారు. మా పెళ్ళయి ముప్ఫయి నాలుగేళ్ళు, నా ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ ఇట్లాగే గడిచింది. మాకు ముద్దూ ముచ్చటా అంటే ఆ గంటే. ఇద్దరం రిటైరయ్యాక కూడా ఆయన నాలుగింటికి ఎటో నడిచివచ్చి అయిదున్నరకు గడప దగ్గర కూర్చుంటారు. కాకపోతే అప్పటికి నా గొంతు ఉండదు. ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని టీ తాగుతాం, లైను రాని టెలిఫోను ముందు కూర్చున్నట్టు.

కాగితం మీద రాసి మాట్లాడొచ్చు కదా అంటారు. రాసి చూశాను. రాసి పోట్లాడడం ఎంత కష్టమో పోట్లాడినవాళ్ళకే తెలుస్తుంది. పైగా నేను రాసింది తనకు నచ్చకపోతే ఆయన కళ్ళద్దాలు తీసేసి ధోతీ అంచుతో తుడుస్తూ కూర్చుంటారు. "కనవడ్తలేదు రమా, రేపు పొద్దుగాల చెప్పు" అంటారు. రేపు పొద్దున నేను వేరే మనిషిని, నా కోపం వేరే కోపం.

నాకు కావలసింది సాయంత్రం ఆ ఒక్క గంట. అంతకుమించి ఏ కోరికా లేదు. ఆ గంట దాకా సెల్లు నిలబడాలి.

ఆ సెల్లేమీ పెద్ద వస్తువులు కావు. గోడ గడియారంలో వేసే పెన్సిల్ సెల్లే, మళ్ళీ మళ్ళీ ఛార్జి చేసుకునే రకం. మిషనులో రెండు పడతాయి. మొత్తం ఎనిమిది ఉన్నాయి మా ఇంట్లో. మిషనుతో పాటు వచ్చిన ఛార్జరు ఆయన చేతుల్లో ఉంటుంది, సెల్లు నింపడం ఆయన డ్యూటీ. జతలు జతలుగా పెడతారు, ఎర్రలైటు, కొన్ని గంటలకు పచ్చలైటు. సెల్లు ముట్టుకుంటే ఇస్త్రీపెట్టెలా కాలుతుంటాయి. అయినా రెండింటికల్లా దిగిపోతాయి. "ఛార్జరు మంచిగ లేదు" అని నేను వందసార్లు చెప్పి ఉంటాను. దాని గ్యారంటీ ఇంకా అయిపోలేదు కాబట్టి అది మంచిదే అని ఆయన వాదన.

వేసవిలో ఒకరోజు మధ్యాహ్నం మిషను పూర్తిగా మూగబోయింది. ఇంట్లో వెతికితే ఒక్క సెల్లూ లేదు. మిద్దె మీదికి పోయి చూస్తే, పిట్టగోడ మీద స్టీలు పళ్ళెంలో వడియాల పక్కన మిగతా ఆరూ ఎండుతున్నాయి. మా మామగారు ట్రాన్సిస్టరు సెల్లు దిగిపోతే అట్లా ఎండబెట్టేవారట, ఇంకో రెండు రోజులు పాటలు వచ్చేవట. ఈ సెల్లను ఎండలో పెడితే చచ్చిపోతాయని నాకు తెలుసు, మిషను డబ్బా మీదే రాసి ఉంది. నాకు వచ్చిన కోపానికి ఆయన్ను అక్కడే కడిగేయాలనిపించింది. కానీ అరవాలంటే సెల్లు కావాలి, సెల్లేమో ఎండలో ఉన్నాయి. పళ్ళెం తెచ్చి ఆయన ముందు ఠప్పున పెట్టాను. ఆయన సెల్లన్నీ ఒక్కొక్కటిగా తుడిచి, "గరమైనయి. జర సల్లబడనియ్యి" అన్నారు.

ఇదిట్లా ఉండగా ఉగాది వెళ్ళిన వారానికి నా దవడ కింద చిన్న గడ్డలా తగిలింది. మళ్ళీ స్కానింగ్ చేశారు. రిపోర్టు తేవడానికి నేనూ వస్తానన్నాను. "ఎండల నువ్వెందుకు, నేను తెస్త తియ్యి" అని ఆయనొక్కరే పోయారు. మధ్యాహ్నం జిలేబీ పొట్లంతో వచ్చారు. "అంత క్లీన్ ఉన్నదన్నరు డాక్టర్ సాబ్. గది మామూలు వాపేనట. ఫికర్ చెయ్యకు." నేను దేవుడి పటానికి దండం పెట్టుకున్నాను. జిలేబీ పాలలో నానబెట్టుకుని తిన్నాను, గట్టివి మింగలేను కాబట్టి. ఆయన ముట్టలేదు, కడుపు బాలేదన్నారు. ఫైలు ఏదని అడిగాను. హాస్పిటల్లోనే ఉంచుకున్నారన్నారు. అప్పుడు నాకేమీ అనిపించలేదు. మంచి వార్త చెప్పినవాళ్ళను ఎవరు నిలదీస్తారు?

కిషన్‌బాగ్‌లో ఉండే మా అమ్మాయి తన్మయి ఆ తర్వాత ప్రతి ఆదివారం రావడం మొదలుపెట్టింది. అంతకుముందు నెలకోసారి రావడానికే దానికి తీరేది కాదు. కూతురికి తల్లి మీద ప్రేమ పెరిగిందని నేను మురిసిపోయాను.

ఎండబెట్టిన సెల్ల లొల్లి అయ్యాక కొత్త ఛార్జరు కొనాల్సిందేనని మొండిపట్టు పట్టాను. ఆయన సరేనన్నారు. అనడమే. నోటుబుక్కులో స్కేలు పెట్టి గళ్ళు గీశారు. తన్మయితో ఫోన్లో బొమ్మలు తెప్పించుకున్నారు. రెండు సెల్లదా, నాలుగుదా, ఎనిమిదిదా. వేగంగా నింపేదా, నెమ్మదిగా నింపేదా. వేగంగా నింపితే సెల్లు వేడెక్కుతాయట, నెమ్మదిగా నింపితే పొద్దుటికి అందవట. మొత్తం పదకొండు రకాలు రాశారు. ఏదీ కొనలేదు. రోజూ సాయంత్రం నా ముందు ఆ బుక్కు తెరిచి పెన్సిలుతో గీతలు గీస్తూ, కొట్టేస్తూ కూర్చునేవారు. నేను అడుగుదామంటే గొంతు లేదు. రెండు నెలలు అట్లా గడిచిపోయాయి. ఇంతటి నిదానం మనిషిని నేనెక్కడా చూడలేదని లోపల తిట్టుకున్నాను.

గ్యారంటీ కార్డుల గురించి కూడా చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. మా బీరువా మీద ఒక ఇనప్పెట్టె ఉంది. పెళ్ళయిన కొత్తలో కొన్న ప్రెషర్ కుక్కరు కార్డు మొదలుకొని ఫ్యాన్లు, మిక్సీలు, ఇస్త్రీపెట్టెలు, గడియారాలు, ఒక ప్లాస్టిక్ కుర్చీతో సహా, ఈ ఇంట్లోకి వచ్చిన ప్రతి వస్తువు కార్డూ అందులో ఉంటుంది. వస్తువు ఇంటికి రాగానే ఆయన కార్డు నింపుతారు. పై మూలన ఎర్రసిరాతో గడువు ముగిసే తేదీ వేస్తారు. ఆ తేదీ దగ్గరపడితే ఆ వస్తువును తిప్పి తిప్పి చూస్తారు, ఏదన్నా చెడిపోయి ఉంటే బాగుండునన్నట్టు. కొనడంలో ఆయనకున్న సూత్రం ఒక్కటే. ఏది ఎక్కువ కాలం గ్యారంటీ ఇస్తే అది. రంగు, రూపం, పేరు ఏదీ చూడరు. ఒకసారి గ్యారంటీ ఏడాది ఎక్కువని చెప్పి మోయలేనంత బరువున్న ఇస్త్రీపెట్టె తెచ్చారు. పెళ్ళిచూపుల్లో నాకెన్నేళ్ళ గ్యారంటీ అని మా నాన్నను అడగలేదు, అదొక్కటే దయ.

జూన్‌లో ఒక మంగళవారం పొద్దున నేనే చెప్పులేసుకుని తయారయ్యాను. "ఇస్సాకు షాపుకు పోదాం. నువ్వు రాకుంటే నేనే పోత" అన్నాను. కోపమొస్తే నేనాయన్ను నువ్వంటాను. మిషను ఏమన్నా ఒకలాగే పలుకుతుంది కానీ ఆ నువ్వు ఆయనకు తెలుసు. సెల్లన్నీ రుమాల్లో మూటగట్టుకుని నా వెనకే వచ్చారు.

ఇస్సాకు నన్ను చూసి లేచి నిలబడ్డాడు. "రాండ్రమ్మా రాండ్రి. ఏడికెళ్ళి దారి తప్పిండ్రు?" అని స్టూలు తుడిచి వేశాడు. ఆపరేషనయ్యాక అతను నన్ను చూడడం అదే మొదలు. నేను మిషను గొంతుకు పెట్టి, "మంచిగున్నవా ఇస్సాకు?" అన్నాను. అతని మొహం ఒక్క క్షణం మారింది. వెంటనే సర్దుకుని చెయ్యి చాచి, "ఏదమ్మా, ఒక్కసారి చూడనియ్యుండ్రి" అని మిషను తీసుకున్నాడు. చెవి దగ్గర పెట్టుకుని మీట నొక్కి విన్నాడు. పాతికేళ్ళు మైకులతో పనిచేసినవాడు కదా, జాలిపడే బదులు చెవి పెట్టాడు. అందుకు అతనికి మనసులో దండం పెట్టుకున్నాను.

"మిషను మస్తుగున్నదమ్మా. సెల్లల్లనే కరెంటు నిలుస్తలేదు" అన్నాడు. రుమాలు మూట విప్పి, షాపులో తను వాడుకునే ఛార్జరు ముందుకు లాగి సెల్లు ఒక్కొక్కటీ దాంట్లో పెట్టాడు. దానికి నాలుగు గదులు, ప్రతి గదికీ ఒక చిన్న తెర, తెర మీద అంకెలు. మా ఆయన పక్కకు జరిగి చూస్తున్నారు.

"మీ ఇంట్ల ఉన్నది గంటల లెక్క ఛార్జరు రావ్ సాబ్. గిన్ని గంటలైనయా, పచ్చ లైటు వేస్తది. సెల్లు నిండిందా లేదా దానికి తెల్వదు. అండ్ల రెండు సెల్లను కలిపి నింపుతది. ఒకటి సగం ఉండి ఒకటి ఖాళీ ఉన్నదనుకో, సగమున్నది పొంగి ఉడుకుతది, ఖాళీది ఖాళీగనే ఉంటది. రెండిట్కీ పచ్చనే." వేలితో తెరలు చూపించాడు. "గిది గట్ల కాదు. ఏ సెల్లును ఆ సెల్లు చూస్తది. నిండంగనే ఆపుతది. ఎంత పట్టిందో చెప్తది. ఖరాబైందనుకో, మొకం మీదనే చెప్తది."

ఎనిమిదింట్లో అయిదు పాడయిపోయినవని మొహం మీదే చెప్పింది. పచ్చ లైటు మాత్రం ఎనిమిదింటికీ వెలిగేది, ఏడాదిన్నరగా.

"సూడుండ్రి" అన్నాను మా ఆయనతో. గెలిచానన్న సంతోషం మిషనులో పలకదు కాబట్టి చేత్తో ఆయన భుజం మీద ఒకటి వేశాను. ఆయన నవ్వలేదు. ఆ తెరల వైపే చూస్తున్నారు.

ఇస్సాకు లోపల్నుంచి రెండు డబ్బాలు తెచ్చాడు. ఒకటి పెద్దది, తను వాడుకునేలాంటిదే, నాలుగు గదులది. రెండోది చిన్నది, రెండు గదులు, తెర లేదు, లైట్లు మాత్రమే. "చిన్నది గూడ నడుస్తది. మంచిదే. కని అమ్మ దినమంత మాట్లాడాలంటే నాల్గు సెల్లు తిరుగుతుండాలె. పెద్దదే తీస్కోండ్రి." ఆ తర్వాత, తన పాత గిరాకీని బాగా ఎరిగినవాడిలా, నవ్వుతూ అసలు మాట బయటపెట్టాడు. "రావ్ సాబ్, మీరు అడగకముందే చెప్తున్న. చిన్నదానికి ఆర్నెల్లు. పెద్దదానికి మూడేండ్ల గ్యారంటీ. కార్డు మీద ముద్దర గొట్టిస్త, మీ పెట్టెల పెట్టుకోండ్రి."

మా ఆయన రెండు డబ్బాలూ చూశారు. చిన్నది చేతిలోకి తీసుకున్నారు.

"మూడేండ్లు ఏం జేస్కుంటం ఇస్సాకూ" అన్నారు. "ఆర్నెల్లు చాలు. గీ చిన్నదియ్యి."

ఇస్సాకు నవ్వు ఆగిపోయింది. ఒకప్పుడు గ్యారంటీ ఇంకా ఒక్క పూట మిగిలి ఉందని వానలో మిక్సీ మోసుకుంటూ ఇదే షాపుకు వచ్చిన మనిషి ఆయన. ఇస్సాకు ఆయన్ను చూశాడు. తర్వాత నన్ను చూశాడు. వెంటనే తల దించుకుని, అవసరం లేకపోయినా ఛార్జరు వైరు చుట్టడం మొదలుపెట్టాడు.

ఆయనకు ఇంకా తెలియలేదు తనేమన్నారో. చిన్న డబ్బా వెనక రాసినది చదువుతున్నారు.

ఏ డాక్టరూ చెప్పలేదు, ఏ కాగితమూ చూడలేదు. అయినా నాకు మొత్తం తెలిసిపోయింది. ఆయన ముట్టని జిలేబీ. ఇనప్పెట్టెలోకి రాని ఫైలు. ఈ ఇంట్లో ఒక ప్లాస్టిక్ కుర్చీ కాగితం కూడా పోలేదు, నా స్కానింగ్ ఫైలు హాస్పిటల్లో ఉండిపోతుందా? తన్మయి ఆదివారాలు. పెన్సిలు గీతలు. నాలుగింటికి మూగబోయే గొంతు, అయిదున్నరకు టీ, ఎదురుగా ఏమీ అడగలేని నేను. ఆయన ఛార్జరు కొనకుండా రెండు నెలలు ఎందుకు లాగారో నాకప్పుడు అర్థమైంది. నాకు సాయంత్రం గొంతు ఉంటే నేను అడుగుతాను. అడిగితే ఆయన అబద్ధం చెప్పలేరు. పొద్దున పూట, పనుల మధ్య అబద్ధం నడుస్తుంది. ఆ గడప దగ్గర నడవదు.

ఆయన మీద నాకు జాలి కలగలేదు. ఉన్నమాట చెబుతున్నాను, ఆ క్షణాన నాకు ఒళ్ళంతా మంటే. నా చావు గురించి నాకు తప్ప అందరికీ తెలుసు. ఇరవై ఆరేళ్ళు ఊరందరికీ ఏ బస్సు ఎప్పుడు వెళ్తుందో చెప్పినదాన్ని, నా బస్సు సంగతి నాకు చెప్పేవాడు లేకపోయాడు.

మిషను గొంతుకు ఆనించాను. "పెద్దది ఇయ్యి ఇస్సాకు" అన్నాను. "కార్డు మీద ముద్దర కొట్టు."

మా ఆయన తలెత్తి నన్ను చూశారు. మిషను గొంతులో ఏమీ కనిపెట్టలేరు కదా, అందుకని కళ్ళలోకి చూశారు. నేను షాపు బయట ఆటోల వైపు చూస్తున్నాను. ఇస్సాకు పెద్ద డబ్బా, నాలుగు కొత్త సెల్లు సంచిలో పెట్టి, రెండు చేతులతో నాకే అందించాడు. మెట్లు దిగుతుంటే వెనక నుంచి అన్నాడు. "అమ్మా, మీ గొంతు కోసమని ఆ ఆంప్లిఫైరు నేను సపరేటుగ సెట్ జేసి పెడ్తుంటి. ఇంకెవ్వరు కూసున్నా గా సెట్టింగు మార్చెటోన్ని." నేను వెనక్కి తిరగలేదు.

ఆటోలో ఆయన ఛార్జరు గురించి మాట్లాడుతూనే ఉన్నారు. నాలుగు గదులు మంచిదేనట. తెర వెలుతురు కొంచెం ఎక్కువట. నేను ఊ కొట్టలేదు, కొట్టలేను కూడా, మిషను సంచిలో ఉంది.

ఇల్లు చేరగానే కొత్త సెల్లు నాలుగూ ఛార్జరులో పెట్టాను. ఈసారి ఆయన చేతికివ్వలేదు. దాని ముందే కూర్చున్నాను. ప్రతి తెర మీదా అంకెలు నెమ్మదిగా పెరుగుతున్నాయి. మధ్యాహ్నం అన్నం పెట్టాను, ఆయన తిన్నారు, నేను తిన్నాననిపించాను. మూడున్నరకు ఒక తెర మీద ఫుల్ అని వచ్చింది, కాసేపటికి మిగతావాటి మీద. చేత్తో ముట్టుకుంటే గోరువెచ్చగా ఉన్నాయి, అంతే. రెండు మిషనులో వేశాను. రెండు కొంగుకు ముడేసుకున్నాను.

అయిదున్నరకు ఆయన వచ్చి గడప దగ్గర కూర్చున్నారు. టీ ఇచ్చాను. ఇనప్పెట్టె నేనే దించి తెచ్చి ఆయన ముందు పెట్టాను, దాని మీద కార్డు, ఎర్రసిరా పెన్ను పెట్టాను.

"కార్డు నింపుండ్రి" అన్నాను.

ఆ గంటలో నా గొంతు విని ఎంత కాలమైందో, ఆయన గ్లాసు కింద పెట్టేశారు. "రేపు నింపుత తియ్యి" అన్నారు.

"ఇప్పుడే. నా పేరు మీద."

ఇంతకాలం ప్రతి కార్డూ ఆయన పేరు మీదే. ఆయన పెన్ను తీసుకున్నారు. రమాబాయి అని రాశారు. చక్కటి గుమాస్తా దస్తూరి, ఒక్క అక్షరం వంకర పోదు. ఊరు రాశారు. కొన్న తేదీ రాశారు. పై మూలన ఎర్రసిరాతో గడువు తేదీ వేయాలి. రోజు వేశారు. నెల వేశారు. సంవత్సరం దగ్గర పెన్ను ఆగింది.

"రాయండ్రి" అన్నాను.

రాయలేదు. పెన్ను ఆనిన చోట కాగితం మీద ఎర్రచుక్క పెద్దదవుతోంది. ఆయన చెయ్యి కళ్ళద్దాల మీదికి పోయింది. తీసి ధోతీ అంచు పట్టుకున్నారు. నేను వాటిని ఆయన చేతిలోంచి లాక్కుని మళ్ళీ ఆయన మొహానికి పెట్టాను.

"ఎన్ని నెలలు?"

ఆయన నోరు తెరిచారు. ఏమీ రాలేదు. మళ్ళీ తెరిచారు. ముప్ఫయి నాలుగేళ్ళుగా చూస్తున్న మనిషి, మెడలో రంధ్రం లేనివాడు, స్వరపేటిక భద్రంగా ఉన్నవాడు, చేపలా నోరు తెరిచి మూస్తున్నాడు. కూతురికి చెప్పినా, రెండు నెలలు ఈ మాట ఈ గడప దగ్గర ఒక్కడే మోశాడు. ఎవరికి చెప్పుకుంటాడు? చెప్పుకోవడానికి ఆయనకున్నది నేనే.

"ఎన్ని?" అన్నాను మళ్ళీ.

ఆయన పెన్ను కింద పెట్టారు. చేతులు పైకెత్తారు. ఒక చేతి వేళ్ళు అయిదు, రెండో చేతి వేలు ఒకటి. ఆరు. అట్లాగే కొంచెంసేపు పట్టుకున్నారు. లెక్క తప్పు చెప్పడం చేతకాని మనిషి కదా, ఆ తర్వాత రెండు వేళ్ళు మడిచారు. ఛార్జరు ఎంచుకోవడంలో పోయిన రెండు నెలలు.

నాలుగు వేళ్ళు మా ఇద్దరి మధ్య గాలిలో నిలబడి ఉన్నాయి.

చెప్పాలనుకున్నవి చాలా ఉండేవి. మధ్యాహ్నమంతా అంకెలు చూస్తూ ఒక్కొక్కటీ వరసపెట్టుకున్నాను. ఎంత ధైర్యం నీకు అని అడగాలనుకున్నాను. ఆ రెండు నెలలూ నావి, ఎట్లా గడపాలో నేను చూసుకునేదాన్ని, నువ్వెవరు దాచడానికి అని అడగాలనుకున్నాను. చేతిలో మిషను ఉంది. అందులో నిండు సెల్లు, కొంగులో ఇంకో రెండు. పొద్దుటి దాకా తిట్టినా తరగవు.

మిషను గొంతుకు ఆనించి మీట నొక్కాను. అది జుయ్యిమని మోగింది. నోరు కదల్లేదు. మీట మీద వేలు మాత్రం తీయలేకపోయాను. మెడ రంధ్రంలోంచి గాలి ఎగసిపడుతోంది, గుడ్డ తడిసిపోతోంది, మిషను ఒకే శ్రుతిలో మోగుతూనే ఉంది. ఆయన చేతులు చెవులకు అడ్డం పెట్టుకుని, తల ఇనప్పెట్టె మీద ఆన్చేశారు. ఆపరేషనయ్యాక నా ఏడుపు ఆయన వినడం అదే మొదలు.

ఎంతసేపు నొక్కి పట్టుకున్నానో తెలియదు. టీ మీద మీగడ కట్టింది. సెల్లు మాత్రం దిగలేదు.